చక్కెర మాట

యాభై ఎనిమిది ఎండాకాలంలో నేను హైదరాబాదుకు డెలిగేటుగా వెళ్లాను. గ్రామసేవికల మహాసభ. అందులో ఏమేం తీర్మానాలు చేశారని అడిగితే ఒక్కటీ చెప్పలేను. తిరిగొచ్చాక మా బి.డి.ఓ. గారు అడిగితే "అన్నీ మంచివే సార్" అన్నాను. ఆయనకూ అంతకు మించి అక్కర్లేకపోయింది.

నేను వెళ్లింది జమాల్‌ను వెతకడానికి.

జమాల్ మా మేనత్త ఖాతూన్‌బీ కొడుకు. మాది పులివెందుల, దూదేకుల కుటుంబం. మా నాయన నబీ రసూల్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నన్ను కని మా అమ్మ పోతే, అప్పటికే మొగుడు పోయిన అత్త కొడుకును చంకనేసుకుని మా ఇంటికి వచ్చేసింది. ఇద్దరికీ ఒకే పళ్లెంలో కలిపి పెట్టి పెంచింది. జమాల్ మా నాయన దగ్గరే పని నేర్చుకున్నాడు. నేను ఎనిమిదో తరగతి ప్యాసై, ట్రైనింగు పూర్తి చేసి, తొండూరులో గ్రామసేవికనయ్యాను. ఇంకేముంది, ఇంట్లోనే పిల్లవాడు, ఇంట్లోనే పిల్ల. ఒక శుక్రవారం అత్త నా నోట్లో చక్కెర వేసింది.

మా వాళ్లలో పెళ్లి ఖాయమయ్యేది దానితోనే. మగపిల్లవాడి తల్లి జమాతు పెద్దల ముందు ఆడపిల్ల నోట్లో చక్కెర వేస్తే మాట పడినట్టు. ఆ మాట విప్పాలంటే పెళ్లికొడుకే వచ్చి అదే పెద్దల ముందు నోరు తెరిచి విప్పాలి. వాడు విప్పకపోతే పిల్ల ముసలిదైనా సరే వాడి పేరు మీదే ఉండాలి. మాకెవరికీ అప్పుడు ఆ సంగతి గుర్తుకే రాలేదు. నేనైతే ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాను.

నెల తిరక్కముందే జమాల్ దూది తెస్తానని ప్రొద్దుటూరు పోయాడు. దూది బండి వచ్చింది, వాడు రాలేదు. ఎర్రగుంట్లలో రైలెక్కుతుంటే చూశామని ఒకరు, హైదరాబాదులో కనబడ్డాడని ఇంకొకరు చెప్పారు. అలా రెండేళ్లు గడిచాయి.

ఊరు ఊరికే ఉంటుందా? "చక్కెర తిన్న పిల్ల సంచి తగిలించుకోని ఊర్లు తిరుగుతాంది సూడు" అని మొదలుపెట్టారు. ఆ వేసవి మొదట్లో జమాతు పెద్ద అబ్దుల్ సలాం మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని తీర్పు చెప్పాడు.

"బక్రీదు దాకా సూస్తాం నబీ రసూలూ. ఆలోపల పిల్లోడొచ్చి నిఖా చేసుకుంటే సంతోషం. వచ్చి వద్దని చెప్పినా సరే, ఎవురి దోవ వాళ్లది. రాలేదనుకో, పిల్ల ఆ పని మానేసి అత్త కాడ ఇంట్లో కూచోవల్ల. వాని పేరు మీదుండే పిల్ల వీధుల్లో తిరిగేది మాకు బాగలేదు."

"పారిపోయింది వాడైతే శిచ్చ నాకేంది మామా?" అన్నాను లోపలి నుంచి.

"ఆడపిల్ల నోరు సూడప్పా!" అన్నాడాయన మా నాయనతో. నాయన తలెత్తలేదు. ఆయన ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. దూదిలో బతికి బతికి మనిషే దూదైపోయాడని అత్త వెక్కిరించేది.

నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం మానడమంటే మాటలా? తొండూరు పల్లెల్లో బాలింతల ఇళ్లకు పోవడం, పిల్లలకు పాలపొడి కలిపి పోయడం, అక్కలకు కుట్టు నేర్పడం, అది లేకపోతే ఇక నాకేముంది? పోనీ జమాల్ మీద ఆశ చచ్చిందా అంటే అదీ లేదు. వాడంటే నాకు ప్రాణం. అందుకే మంట రెండింతలు. సరిగ్గా ఆ వారంలోనే బ్లాకు ఆఫీసుకు మహాసభ కబురొచ్చింది. అంత దూరమా అని తక్కిన వాళ్లు మొహాలు చాటేస్తుంటే నేను ముందుకొచ్చి నిలబడ్డాను.

అత్త బస్సు దాకా వచ్చింది. "తోడుకోని రా వాణ్ణి. రానంటాడా, ఏదో ఒకటి వాని నోటితో చెప్పించుకోని రా. నువ్విట్ల నడిమధ్యలో యాలాడేది నేను సూడలేను" అంది.

జమ్మలమడుగు నుంచి సంజీవమ్మక్క వచ్చి ముద్దనూరు స్టేషన్లో కలిసింది. ఆమె కూడా గ్రామసేవికే. వయసులో నాకంటే పెద్ద, నోరు ఇంకా పెద్ద. గుంతకల్లులో రైలు మారి, కర్నూలు మీదుగా కాచిగూడలో దిగేసరికి మా చీరలు బొగ్గునుసితో నల్లబడ్డాయి. రిక్షావాళ్లు చుట్టుముట్టి ఉర్దూలో ఏదో అడిగితే నేను బిక్కమొహం వేశాను. మా ఇంట్లో నమాజు తప్ప తక్కినదంతా తెలుగే. సంజీవమ్మక్క జమ్మలమడుగులో సాయిబుల వీధిలో పుట్టి పెరిగిన మనిషి, గడగడా బేరమాడి నన్ను రిక్షాలోకి తోసింది.

"పేరేమో నీది మైమూన్, మాట్లాడేదేమో నేను. ఏం కర్మే తల్లీ నాకు!" అని దారి పొడుగునా నవ్వింది.

సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక ఆడపిల్లల బడిలో మాకు విడిది. గులాబీ రంగు రిబ్బను బిళ్లలిచ్చి, అవి రవికెకు గుచ్చుకుంటే సిటీ బస్సులో టిక్కెట్టు అడగరన్నారు. ఇక సంజీవమ్మక్కకు పట్టపగ్గాల్లేవు. మొదటి సాయంత్రమే డెలిగేట్లందరినీ గోల్కొండ తీసుకెళ్లారు. కింది దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద వినబడుతుందని చూపించారు. అందరూ చప్పట్లు కొట్టి మురిసిపోతుంటే, నాకు జమాల్ పేరు పెట్టి గొంతు చించుకుని అరవాలనిపించింది.

మర్నాడు సభలో ఢిల్లీ నుంచి వచ్చినామె పొగరాని పొయ్యి గురించి ఇంగ్లీషులో చెబుతోంది. నేను కాలుగాలిన పిల్లిలా కుర్చీలో ఇటు కదిలి అటు కదిలి, ఇక నా వల్లకాక నీళ్లు తాగే వంకతో బయటపడ్డాను. సంజీవమ్మక్క వెనకే వచ్చింది. రెండంతస్తుల బస్సెక్కి పైన ముందు సీట్లో కూర్చున్నాం. ఆమె మేడలు చూస్తోంది, నేను మనుషుల్ని చూస్తున్నాను. ఏ టోపీవాణ్ణి చూసినా జమాలే అనిపించి లేచి నిలబడేదాన్ని.

"ఇంత ఊర్లో వాణ్ణి యాడని దేవులాడతావే? ఈడ దిగుదాం, ఆడ దిగుదాం అని పానం తీస్తాండావు" అని విసుక్కుంది అక్క. అంటూనే ప్రతి చోటా నాతోపాటు దిగింది. బేగంబజారులో అడిగాం, మొజంజాహీ మార్కెట్లో అడిగాం. దూదేకేవాడు జమాల్ అంటే ఏ జమాల్ అన్నారు. చెప్పులు కరిచి పాదాలు బొబ్బలెక్కాయి. నాకు మొదటిసారి భయం పట్టుకుంది. వాడు దొరక్కపోతే నేను వెళ్లి అత్త వంటింట్లో కూర్చుని ముసలిదాన్నవుతాను.

సాయంత్రం విడిదికి వస్తే పరుపులు దింపుతున్నారు. ముందురోజు రావలసినవి ఆలస్యమై ఆ పూట వచ్చాయి. అందరూ పరుపు మీద దుప్పటి పరుచుకుంటారు. దూదేకులవాళ్లు మాత్రం పరుపు కనబడితే ముందు మూలలు పిసికి చూస్తారు. కుట్టినవాడు మూలల్లోనే దొంగపని చేస్తాడు కదా. అలవాటు కొద్దీ నేనూ పిసికాను. తలవైపు ఎడమ మూలలో చిన్నగా, గట్టిగా ఏదో వేలికి తగిలింది.

మా నాయన ప్రతి పరుపులోనూ తలవైపు ఎడమ మూలలో ఒక పత్తిగింజకు ఎర్రదారం చుట్టి పెడతాడు. పడుకున్నవాళ్లకు పీడకలలు రావని ఆయన నమ్మకం. ఆ పని ఆయన తప్ప చేసేవాడు ఇంకొక్కడే. వెనకాముందూ చూడకుండా జడపిన్ను తీసి కుట్లు తెంపాను. దూది పొంగి ఒళ్లో పడింది. గింజ దొరికింది, ఎర్రదారంతో సహా.

"అయ్యయ్యో! సర్కారు పరుపు!" అని అక్క నెత్తి కొట్టుకుంది. అక్కడి ఆయా పరిగెత్తుకొచ్చి ఉర్దూలో దులిపేసింది. ఎన్ని తిట్టిందో నాకు తెలియదు, అక్క చెప్పనూ లేదు. నేను ఆ ఆయా రెండు చేతులూ పట్టుకుని, "ఇవి ఎవురు కుట్టినారో అడుగక్కా, అదొక్కటి అడుగు" అంటూ ఏడ్చేశాను. నా ఏడుపు చూసి ఆమే మెత్తబడింది. మీరాలం మండి దగ్గర హబీబుల్లా సాబు దుకాణం అని చెప్పింది. చెదిరిన దూదిని అక్కడే కూర్చుని చేతులతో విడదీసి కూరి, మూల కుట్టి ఇచ్చాకే లేచాను.

తెల్లవారగానే వెళ్లాం. దుకాణంలో పరుపుల మధ్య పంచెకు బదులు పైజామా, నెత్తిన టోపీ, సన్నటి మీసంతో కూర్చుని సూది గుచ్చుతున్నాడు జమాల్. నన్ను చూసి సూది అలాగే పట్టుకుని ఉండిపోయాడు. గల్లా దగ్గర ఉన్న పెద్దాయనతో, ఆయనే హబీబుల్లా సాబు కాబోలు, ఉర్దూలో రెండు ముక్కలు చెప్పి గబగబా దిగి వచ్చాడు.

"ఏమని చెప్పినాడక్కా?" అని అడిగాను.

"పరుపులు కొనేదానికి వచ్చినారు అన్న్యాడు" అంది సంజీవమ్మక్క, వాణ్ణి ఎగాదిగా చూస్తూ. నాకు ఆ క్షణంలో అదేం పట్టలేదు. వాడు బతికున్నాడు, నా ముందున్నాడు, అంతే చాలనిపించింది. అక్క గాజులు కొంటానని లాడ్‌బజారులోకి తప్పుకుంది. జమాల్ నన్ను చార్మినారు ఎక్కించాడు.

"ఎన్నాళ్లకొస్తివే!" అన్నాడు పైకి వచ్చాక. నేనే తప్పిపోయి దొరికినట్టు!

"నేను రావల్నా? సిగ్గుండాదా నీకు? చెప్పకుండా పోయినోడివి నువ్వు."

"చెప్తే పంపిస్తారా? ఆ ఊర్లో ఏముండాది మైమూనా, ఎండలో విల్లు భుజానేసుకోని దూది ఏకుతామో అని వీధివీధీ అరిచేది. ఈడ సూడు." కింద తిరిగే జనాన్ని, మక్కా మసీదును, దూరంగా మూసీని వేలు పెట్టి చూపించాడు. "ఆ మసీదు ఎనకాల రెండు గదుల ఇల్లు సూసిపెట్టినా. నీ కోసమే. కుళాయి ఇంట్లోనే వస్తాది."

నా మనసు నిజంగానే ఆ ఇంట్లోకి వెళ్లి వచ్చింది. కుళాయి కింద బిందె కూడా పెట్టేశాను. "అట్లయితే బక్రీదు లోపల రా. నిఖా చేసుకోని ఇద్దరం వచ్చేద్దాం. ఈడ గూడా గ్రామసేవికలు కావల్ల గదా, అడుగుతా" అన్నాను.

"నిఖా ఈడే. హబీబుల్లా సాబు పెద్దరికం చేస్తాడు."

"నాయనా, అత్తా ఈడికి రావల్నా మరి?"

వాడు గోడరాతిని గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"జమాలూ, నిన్నే."

"వాళ్లు రాకుంటేనే మేలు. సాబుకు మేము కర్నూలు పఠాన్లమని చెప్పినా. దూదేకులోణ్ణంటే ఈడ శానా తక్కువగా సూస్తారు మైమూనా, నీకు తెల్దు. నువ్వూ రెండు మూడు నెలల్లో ఉర్దూ నేర్చుకుందువు, సదువొచ్చిన దానివి. మీ నాయన నోరు తెరిస్తే తెలిసిపోతాది. అమ్మ సంగతి చెప్పే పన్లేదు."

"అత్త యాడుండాదని చెప్పినావు సాబుకు?"

"అమ్మానాయనా ఇద్దరూ లేరని చెప్పినా. మాట వరసకే లే."

ఇద్దరికీ పళ్లెంలో కలిపి పెట్టిన మనిషి పులివెందులలో వీధిగుమ్మం వైపు మొహం పెట్టి రెండేళ్లుగా అన్నం తింటోంది. చెంప పగలగొడదామనిపించింది. వాణ్ణి గట్టిగా పట్టుకుని ఏడుద్దామనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"నాకొద్దు జమాలూ" అన్నాను. "రేపు నాతో రైలెక్కు. అబ్దుల్ సలాం మామ ముందర వద్దని చెప్పి, నన్నిడిసిపెట్టి ఎనక్కి రా. నీ జోలికి ఎవురూ రారు."

"ఇడ్సను." వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నువ్వు నాకు కావల్ల. నేనా మాట ఇప్పను. ఇప్పకుంటే నువ్వు యాడికి పోతావు? ఎప్పుటికైనా నా కాడికే రావల్ల."

ఇష్టం ఉన్నవాడే అలా అనగలడు. అంత కష్టం నాకు పగవాడు కూడా పెట్టలేదు. "అక్క సూస్తా ఉంటాది, పోదాం" అన్నాను. చార్మినారు మెట్లు ఇరుకు, చీకటి. వాడి చెయ్యి పట్టుకునే దిగాను. కిందికి వచ్చాక వదిలేశాను.

ఇంటికి చేరేసరికి అత్త వాకిట్లో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. రైల్లో గుంతకల్లు దాకా ఒక అబద్ధం, గుంతకల్లు నుంచి ఇంకొక అబద్ధం తయారు చేసుకున్నాను. అత్త మొహం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆమె లేనని చెప్పుకున్నాడని కూడా చెప్పాను.

అత్త చేట ఆపలేదు. కాసేపటికి, "బాగుండాడా?" అని అడిగింది.

"బాగుండాడత్తా."

"లావైనాడా?"

"కొంచెం."

"సరే. పో, కాళ్లు కడుక్కో" అంది.

నాయన వెళ్లి అబ్దుల్ సలాం కాళ్లావేళ్లా పడ్డాడు. పిల్లవాడు కనబడ్డాడని మాత్రం చెప్పే ధైర్యం ఆయనకు రాలేదు. కనబడినవాడు ఎందుకు రాడని అడిగితే ఏం చెప్పాలి? మాట మాటే అన్నాడట ఆ పెద్దమనిషి. బక్రీదు దగ్గరపడుతోంది. రాత్రి నిద్ర లేదు, పగలు తిండి లేదు. తొండూరులో ఏ ఇంటి ముందు నిలబడినా ఇదే ఆఖరుసారేమో అనిపించేది. పనిలో పడి తిట్టరాని వాళ్లను తిట్టాను. ఒకరోజు, ఉర్దూదేముంది, నేర్చుకుంటే రాదా అని కూడా అనుకున్నాను. అనుకున్నందుకు నా మీద నాకే కోపమొచ్చింది. ఆ కోపమంతా అత్త మీద చూపించాను. "మాట పడేటప్పుడు నా నోరే దొరికిందా నీకు?" అని అరిచాను. అత్త నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

బక్రీదుకు వారం ముందు పెద్దలు వచ్చారు. అబ్దుల్ సలాం, ఆయన వెనక ఇంకో ఇద్దరు. నాయన గొంతు సవరించుకుని "మామా, వాడు..." అని మొదలుపెట్టాడో లేదో, అత్త బయటికి వచ్చింది. పెద్దల ముందు ఎప్పుడూ తలుపు చాటునుంచే మాట్లాడే మనిషి. ఆ రోజు నేరుగా వచ్చి వాళ్ల ముందు వట్టి నేల మీద కూలబడింది.

"నా కొడుకు లేడు మామా" అంది.

"లేడంటే?"

"పోయినాడు. హైదరాబాదులో జరమొచ్చి పోయినాడంట. ఈ పిల్ల ఆడికి పోయింది గదా, తెలుసుకోని వచ్చింది. నాకు చెప్పే ధైర్యం సాలక ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకోనుండాది. మొన్న అరిచి అరిచి బయటేసింది."

అబ్దుల్ సలాం నా వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మీ?"

అత్త నా వైపు చూడలేదు. ఆమె వీపే కనబడుతోంది నాకు. రవికె కింద వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆమె ఏం చేస్తోందో నాకప్పుడు అర్థమైంది. కాదంటే నా బతుకు వాడి చేతిలో ఉంటుంది. అవునంటే ఆమె కొడుకు ఇక ఎప్పుడొచ్చినా ఈ గుమ్మంలోకి రావడానికి లేదు.

"నిజమే మామా" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని, చావు కబురు విన్నప్పుడు చదివే ఇన్నా లిల్లాహి చదివాడు. తర్వాత, "మనిషే పోయినాక మాటేముండాది. పిల్ల మీద ఇంగ ఏ కట్టూ లేదు. దాని పని అది చేసుకోనీ" అన్నాడు. నిజానికి చెడ్డవాడేం కాదు. వెళ్లేముందు నాయన భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు.

వీధి వీధంతా వచ్చింది. అప్పుడు ఏడ్చింది అత్త. ఆడవాళ్లు ఇద్దరు పట్టుకున్నా ఆగలేదు. "నాయనా జమాలూ, నా బంగారూ, నాకు కనబడకుండానే పోతివే" అని నేలకేసి తల కొట్టుకుంది. వచ్చినవాళ్లలో ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? ఆ ఏడుపులో అబద్ధం ఒక్క చుక్క లేదు. నేను లోపలికి వెళ్లి గోనెసంచుల మధ్య మొహం దాచుకుని ఏడ్చాను. నేను మాత్రం ఎవరి కోసం ఏడ్చానో చెప్పలేను.

మూడో రోజు, చనిపోయినవాళ్ల కోసం చదివే ఫాతెహా జమాల్ పేరిట చదివించాం. ఊరందరూ తిని వెళ్లారు. పొద్దు వాలుతుండగా అత్త, నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాం. మర్నాడు నేను తొండూరు బస్సెక్కాలి. అత్త తోముతున్న గిన్నె ఆపి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నా దగ్గరికి జరిగింది.

"మైమూనా, నువ్వు సదువుకున్న దానివి, నాకు సరిగా చెప్పు. ఈడ సదివిన ఫాతెహా ఆడ బతికుండే వానికి తగల్దు గదా?"

"తగల్దత్తా" అన్నాను. ఎన్నిసార్లు అడిగిందో, అన్నిసార్లూ చెప్పాను.